కొండవాలున వరిమళ్లు: సవరల సేద్యం

నీరు పల్లమెరుగునని సామెత. జహీరాబాద్ ప్రాంతపు ఎర్రనేలలలో సేద్యం చేసే రైతుకు ఈ సామెత ప్రతి వానకాలంలోను అనుభవమే. గట్టు తెగిన చేనిలో నీరు నిలువదు. పోతూ పోతూ పైమట్టిని కూడ వెంట తీసుకొనిపోతుంది. అటువంటి చోట జొన్న, కంది పండించడానికే శ్రమపడవలెను. మరి అంతకంటె ఎంతో నిటారైన కొండవాలు మీద, నిలువనీరు కోరే వరిని పండించగలమా? పండించవచ్చునని తూర్పు కనుమలలోని సవరలు తరతరాలుగా చేసి చూపుతున్నారు.

సవరలు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను, సరిహద్దుకు ఆవల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉండగా ఈ భాషను నేర్చి, దానిని గూర్చి రచించిన గ్రంథం 1931లో అచ్చయినది. సవరలలో పోడు సేద్యం కలదు. దానితోబాటు, ముఖ్యంగా ఒడిశా వైపు గుణుపురం, పర్లాకిమిడి కొండలలో, మెట్లు మెట్లుగా కట్టిన వరిమళ్లు కూడ కలవు. ఈ మళ్లను వారు ‘సరోబ’ అంటారు.

మడి కట్టే పద్ధతి ఇది. వాలు మీద దొరికే రాళ్లను ఏరి, సున్నం గాని బంకమట్టి గాని లేకుండ, ఒకదానిమీద ఒకటి పేర్చి గోడ కడతారు. గోడకు వెనుక మట్టి నింపి చదును చేస్తారు. పైనుండి వచ్చే వాగునీటిని మొదట ఎగువ మడికి మళ్లిస్తారు. అది నిండిన తరువాత నీరు మడవ గుండా దిగువ మడిలోనికి దిగుతుంది. ఒకే నీరు ఈ విధంగా మెట్టుమెట్టుకూ పనిచేస్తుంది.

ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. ఒక వాలు 5 మీటర్ల దూరంలో 1 మీటరు దిగుతున్నదనుకొందము. అక్కడ 1 మీటరు గోడ కట్టితే 5 మీటర్ల వెడల్పు మడి వస్తుంది. వాలు 2 మీటర్లకే 1 మీటరు దిగితే, అదే గోడకు 2 మీటర్ల మడి మాత్రమే వస్తుంది. 5 మీటర్లు కావలెనంటే గోడను రెండున్నర మీటర్లు లేపవలెను. కనుకనే కొండ నిటారైన కొలది మళ్లు సన్నగిల్లుతవి, గోడలు ఎత్తు పెరుగుతవి.

గోడలో సున్నం లేకపోవడం లోపమని తోచవచ్చును. నిజానికి అదే రక్షణ. 2 మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరు మీద సుమారు 2 టన్నుల బరువుతో ఒత్తుతుంది. గోడ వెనుక మట్టి పూర్తిగా నానినప్పుడు ఆ ఒత్తిడి గోడను పడద్రోయగలదు. రాళ్ల సందులు ఊటనీటిని బయటికి వదలివేయడం వలన ఒత్తిడి పెరుగదు. మరి మడిలో నీరు నిలిచేదెట్లు? దమ్ము చేసినప్పుడు మెత్తని మట్టి రేణువులు అడుగున పేరుకొని సందులను మూసివేస్తవి; నీరు ఇంకడం మందగిస్తుంది. అంటే మడి అడుగు నీటిని ఆపుతుంది, గోడ వదలుతుంది. రెండూ కావలెను.

ఇవి ఎంత పాతవి? ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరు వచ్చేచోటనే శబరుల పేరు కూడ ఉన్నది. కాని జాతి పేరు ప్రాచీనమైనంత మాత్రాన గోడ ప్రాచీనం కాదు. రాయి తనను ఎప్పుడు పేర్చినారో చెప్పదు. గోడ అడుగున చిక్కిన బొగ్గు వంటి జీవపదార్థంలోని కర్బనం–14ను కొలిచి కాలం అంచనా వేయవలెను. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో ప్రజల మళ్లు 2,000 ఏండ్ల నాటివని చాలకాలం చెప్పుకొన్నారు. ఇటీవలి త్రవ్వకాలను బట్టి అక్కడ వరిమళ్లు సుమారు 400 ఏండ్ల క్రిందటనే విస్తరించినవని కొందరు పరిశోధకులు చెబుతున్నారు.

వయస్సు కంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. కోట వలె ఒకసారి కట్టి విడిచిపెట్టేది కాదు మెట్టమడి. ఏటేటా జారిన రాయిని ఎత్తి పెట్టవలెను, కాలువ పూడిక తీయవలెను. ఒక ఎగువ గోడ కూలితే ఆ నీరు, మట్టి దిగువ మళ్ల మీద పడతవి. ఇఫుగావో మళ్లను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. సాగు విడిచిన మళ్లు, బాగుచేయని కాలువలు పెరగడంతో 2001లో వాటిని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చినది. మరమ్మతులు సాగిన తరువాత 2012లో తొలగించినది. రాళ్లు అవే, చేతులు కరవైనందుననే ఆ ముప్పు వచ్చినది.

సవర కొండలకు విద్యార్థులను తీసుకొనిపోయే ఉపాధ్యాయులు ఊరివారి అనుమతి పొంది, గోడ అంచులు త్రొక్కకుండ, నీటి దారి వెంట పైనుండి క్రిందికి నడవవలెను. అప్పుడు ఆ కట్టుబడి తానే బోధపడుతుంది. అంత దూరం పోలేనివారు బడిలోనే రెండు పళ్లెములలో ఎర్రమట్టి నింపి, ఒకే వాలుగా నిలిపి, ఒకదానిలో గులకరాళ్లతో అడ్డవరుసలు పేర్చి, రెండింటి మీద సమానంగా నీరు పోయవచ్చును. క్రింద పట్టిన నీటిలో ఏది ఎక్కువ, ఏది బురద అని విద్యార్థులే కొలిచి వ్రాసుకొనవలెను. ఆ తరువాత తమ ఊరి చేని గట్టును చూచివస్తే, అది ఎందుకున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.