థండర్‌బర్డ్‌లో మెయిల్ బ్యాకప్ తీస్తుంటే లాగిన్ ఫెయిల్ అవుతోందా? తప్పు పాస్‌వర్డ్‌ది కాకపోవచ్చు

పోయిన వారం మా జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. బీటెక్ అయిపోయింది, కాలేజీ మెయిల్ ఐడీ నెలాఖరుకి క్లోజ్ చేస్తామన్నారట. నాలుగేళ్ల ప్రాజెక్ట్ ఫైళ్లు, ఇంటర్న్‌షిప్ లెటర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. "అన్నా, థండర్‌బర్డ్‌లో ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ వేశాను. పాస్‌వర్డ్ కరెక్ట్‌గానే కొడుతున్నా, లాగిన్ ఫెయిల్డ్ అంటోంది" అన్నాడు. అప్పటికే ప్లగిన్‌ని మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాడట.

దానివల్ల లాభం లేదు. ఎందుకంటే ఈ ప్లగిన్ అసలు లాగిన్ అవ్వదు. సర్వర్‌తో మాట్లాడేది థండర్‌బర్డే. అది తెచ్చిన మెయిల్స్‌ని ఈఎంఎల్, ఎంబాక్స్ ఫైళ్లుగా బయటికి తీయడం వరకే ప్లగిన్ పని. కాబట్టి వెతకాల్సింది అకౌంట్ సెట్టింగ్స్‌లో.

మామూలు పాస్‌వర్డ్‌తో బయటి యాప్స్ లాగిన్ అవ్వడాన్ని గూగుల్ పర్సనల్ జీమెయిల్‌కి 2022 మే 30 నుంచి ఆపేసింది. కాలేజీలు, ఆఫీసులు వాడే వర్క్‌స్పేస్ అకౌంట్లకీ 2025లో ఆ దారి మూసేసింది. పాత గైడ్ చూసి సెట్ చేసుకుంటే సరైన పాస్‌వర్డ్ కొట్టినా రాంగే అంటుంది.

థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్, అందులో సర్వర్ సెట్టింగ్స్ ఓపెన్ చేయండి. పోర్ట్ 993, సెక్యూరిటీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ ఉండాలి. ఆథెంటికేషన్ మెథడ్‌లో నార్మల్ పాస్‌వర్డ్ ఉంటే దాన్ని ఓఆథ్2కి మార్చండి. తర్వాత సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లోకి వెళ్లి ఆ అకౌంట్ పాత ఎంట్రీలు డిలీట్ చేసి, థండర్‌బర్డ్ క్లోజ్ చేసి మళ్లీ తెరవండి. గూగుల్ సైన్ ఇన్ విండో వస్తుంది. విండో వచ్చి కూడా ముందుకి కదలకపోతే ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీస్ ఆఫ్ అయ్యాయేమో చూడండి. కుకీస్ లేకపోతే ఓఆథ్ పని చేయదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఓఆథ్ సపోర్ట్ చేయని టూల్ వాడుతున్నారా? టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. మెయిన్ పాస్‌వర్డ్ మారిస్తే ఇది రద్దవుతుంది. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోతే ముందు గుర్తు రావాల్సింది ఇదే. ఇది రెండో స్టెప్ అడగకుండానే లోపలికి పంపేస్తుంది కాబట్టి, బ్యాకప్ అయ్యాక డిలీట్ చేసేయండి.

మావాడి కథ ఇంతటితో అవ్వలేదు. ఓఆథ్2 పెట్టాక, అడ్మిన్ ఈ యాప్‌ని బ్లాక్ చేశారని మెసేజ్ వచ్చింది. దీనికి మన దగ్గర సెట్టింగ్ ఏదీ లేదు, కాలేజీ ఐటీ వాళ్లే పర్మిషన్ ఇవ్వాలి. మెయిల్ పెట్టాడు, రెండు రోజులైనా రిప్లై లేదు. ఈలోపు గూగుల్ టేకౌట్ ట్రై చేయమన్నాను. అదృష్టం, దాన్ని బ్లాక్ చేయలేదు (కొన్ని చోట్ల అదీ ఆపేస్తారు). టేకౌట్ మెయిల్స్‌ని ఎంబాక్స్ ఫైల్‌గా ఇస్తుంది, డౌన్‌లోడ్ లింక్ సుమారు వారం వరకే ఉంటుంది. ఆ ఫైల్‌ని అదే ప్లగిన్‌తో థండర్‌బర్డ్ లోకల్ ఫోల్డర్స్‌లోకి ఇంపోర్ట్ చేశాం. దీనికి లాగిన్ అక్కర్లేదు.

లాగిన్ అయినవాళ్లకి ఇంకో మాట. జీమెయిల్ ఐమ్యాప్‌లో రోజుకి 2500 ఎంబీ వరకే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాటితే అకౌంట్ కాసేపు లాక్ అవుతుంది, చూడ్డానికి మళ్లీ లాగిన్ సమస్యలాగే ఉంటుంది. సెట్టింగ్స్ ఏవీ కెలక్కుండా ఒక రోజు ఆగండి. పెద్ద మెయిల్‌బాక్స్ అయితే ఆఖరి రోజు దాకా ఉంచొద్దు. అంతా అయ్యాక నెట్ ఆఫ్ చేసి, అటాచ్‌మెంట్లున్న నాలుగైదు మెయిల్స్ తెరిచి చూడండి. మావాడు ఇంటర్న్‌షిప్ లెటర్ ఓపెన్ అయ్యాకే ఫోన్ పెట్టాడు.