పాత మిత్సుబిషికి ముందు గుంటక: ఇసుక నేల వేరుశనగలో కలుపు పని

ప్రకృతి వ్యవసాయం రెండేళ్ళు చేసి వదిలేసిన రైతుల్ని అడిగి చూడండి. జీవామృతం కలుపుకోలేక మానేశామనేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. కలుపు దగ్గరే చేతులెత్తేశామంటారు. మందు కొట్టే రైతు ఒక్క పూటలో ముగించే పనికి మనం పదిమంది ఆడవాళ్ళను పిలవాలి. వాళ్ళు వచ్చే రోజున వాన రాకూడదు. వాన లేని రోజున వాళ్ళకు ఇంకోచోట పని ఉండకూడదు. ఇవన్నీ కలిసొచ్చే రోజులు మా మైపాడు వైపు సీజన్‌కు నాలుగైదు ఉంటే గొప్ప.

మాది బకింగ్‌హామ్ కాలువ పక్కన ఇసుక నేల. ఈశాన్య రుతుపవనం వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ముఖ్యం. ఆ తడి మీదే రబీ వేరుశనగ వేస్తాం. తడి ఇసుకలో గడ్డీ తుంగా వేరుశనగ కన్నా ముందే తల ఎత్తుతాయి. అదే సమయానికి రొయ్యల చెరువుల దగ్గర పని ఉంటుంది, కూలి కూడా అక్కడే ఎక్కువ, కాబట్టి మనుషులు అటే పోతారు. వాళ్ళను తప్పు పట్టలేం. వేరుశనగతో ఇంకో చిక్కుంది. 40, 45 రోజులు దాటితే ఊడలు భూమిలోకి దిగుతాయి. ఆ తర్వాత గుంటక తోలితే ఊడలు తెగిపోయి కాయ పోతుంది. అంటే కలుపు పనంతా ఆ నలభై రోజుల్లోపే ముగియాలి.

ఆచ్ఛాదన చేసుకోవచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. చేస్తాను. విత్తనానికి ముందు నవధాన్యాలు కూడా చల్లుతాను, దానివల్ల కలుపు కొంత తగ్గిన మాట నిజం. కానీ సముద్రం గాలికి ఎండుగడ్డి ఇసుక మీద నిలవదు, పక్క చేలో తేలుతుంది. మొక్క జానెడు ఎత్తు వచ్చి గాలిని ఆపగలిగినప్పుడు గడ్డి పరిస్తేనే అది నిలుస్తుంది. అంతవరకు కలుపును పైపైన కోసే పనిముట్టు కావాల్సిందే. నేను చెప్పేది లోతు దున్నకం కాదు, అంగుళంన్నర లోతు మాత్రమే.

ఇక బండి సంగతి. మా షెడ్డులో ఇరవై ఏళ్ళు దాటిన మిత్సుబిషి శక్తి ఉంది. 18.5 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను. తయారుచేసేది బెంగళూరు వీఎస్‌టీ కంపెనీ. వాళ్ళు 1967లో జపాన్ మిత్సుబిషి వాళ్ళతో కలిసి టిల్లర్లతో మొదలుపెట్టారు. మా ఊళ్ళో వీఎస్‌టీ అంటే ఎవరికీ తెలియదు, మిత్సుబిషి అంటేనే తెలుసు. దుక్కికీ రోటావేటరుకూ పెద్ద ట్రాక్టర్లు బాడుగకు దొరుకుతున్నాయి కాబట్టి దీనికి పని తగ్గిపోయింది. "ఇనుము రేటుకన్నా అమ్మెయ్ రా, షెడ్డు కాళీ అవుతాది" అని మా బాబాయి రెండేళ్ళుగా అంటానే ఉండాడు. నాకు మాత్రం దాని సైజు మీదే ఆశ. పెద్ద ట్రాక్టరు మొలిచిన చేలో దిగలేదు, ఇది దిగగలదు.

పనిముట్టు వెనకే కట్టుకోవచ్చు కదా, ముందు ఎందుకు? వీడియో చూసినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఇదే. ట్రాక్టరు వెనక ఇరుసు ఆధారంగా తిరుగుతుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెనక ఇరుసుకు ముందున్న భాగమంతా ఎడమకు పోతుంది, వెనక వేలాడే గుంటక మాత్రం ముందు కొంచెం కుడికి జరుగుతుంది. వరుస నుంచి తప్పుతోందని మీరు సరిదిద్దబోతే గుంటక ఇంకా వరుస మీదికే వస్తుంది. పైగా మెడ వెనక్కి తిప్పి చూస్తూ నడపాలి. ముందు కట్టిన గుంటక మీరు ఎటు తిప్పితే అటే పోతుంది, కంటి ఎదుట ఉంటుంది. ఎద్దుల గుంటక తోలేవాడికి బ్లేడు కాళ్ళ ముందే ఉంటుంది కదా, అదే సుఖం.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో 1924లో వచ్చిన ఫార్మాల్ ట్రాక్టరు మీద వరుస పంటల గుంటకను ముందే బిగించేవాళ్ళు. 1948 నుంచి 1955 దాకా ఆలిస్ చామర్స్ కంపెనీ 'జి' అనే చిన్న ట్రాక్టరు చేసింది. కూరగాయలు పండించే చిన్న రైతు కోసం ఇంజనునే సీటు వెనక్కి నెట్టేశారు. ముందు రెండు పైపులు తప్ప కంటికి అడ్డమేమీ ఉండదు. అక్కడి సేంద్రియ రైతులు ఆ పాత బండ్లను ఇప్పటికీ వెతికి కొంటారు, కొందరు వాటికి కరెంటు మోటార్లు కూడా పెట్టుకున్నారు. మన దేశంలో గుజరాత్ అమ్రేలి జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ మోటారుసైకిలు వెనక చక్రం తీసి గుంటక కట్టారు. ఎద్దులు కొనలేని కరువు రైతుకు అదే ఎద్దయింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పల్లె పనిమంతుల్ని 2005 నుంచి పల్లె సృజన సంస్థ వెతికి వెలుగులోకి తెస్తోంది. వాళ్ళ యాత్రల గురించి తెలియని రైతులు తెలుసుకోవాలి.

తయారీ కన్నా ముందు కొలత. పని నిలిచేదీ చెడేదీ ఇక్కడే. మా బండికి టైరు మధ్య నుంచి టైరు మధ్యకు 36 అంగుళాలు పెట్టుకున్నాను. వరుసల మధ్య 12 అంగుళాలు. అప్పుడు బండి కింద మూడు వరుసలు పోతాయి. వెనక టైరు వెడల్పు 8 అంగుళాలు కాబట్టి 12 అంగుళాల సందులో అటు రెండు, ఇటు రెండు మిగులుతాయి. రబీలో వేరుశనగకు వరుసల మధ్య 22.5 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు అని చెబుతారు. నేను వరుసల్ని 30కి పెంచి మొక్కల మధ్య ఏడున్నరకు తగ్గించాను. లెక్క వేసుకోండి, రెండింట్లోనూ మొక్కకు దక్కేది 225 చదరపు సెంటీమీటర్లే. మొక్కల సంఖ్య తగ్గలేదు, టైరుకు దారి దొరికింది.

విత్తనం కూడా ఇదే బండితో, ఇదే వెడల్పుతో వెయ్యాలి. మన పెద్దవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. గొర్రూ గుంటకా ఒకే కొలతకు చేయించుకునేవాళ్ళు. ఒకరి గొర్రుతో విత్తి ఇంకొకరి గుంటక తోలితే మొక్కలు లేచిపోతాయని వాళ్ళకు తెలుసు.

ముందు భాగం సంగతికొస్తే, బండి మూతికి బరువు దిమ్మలు తగిలించే చోట కంపెనీ వేసిన బోల్టు రంధ్రాలున్నాయి. అక్కడ మూడు అంగుళాల సి-ఛానల్ రెండు ముక్కలు బిగించాం. కొత్త రంధ్రం ఒక్కటీ వెయ్యలేదు, చాసిస్ మీద వెల్డింగ్ చుక్క పడలేదు. వాటికి సమాన పొడవున్న నాలుగు పట్టీలతో సమాంతర చతుర్భుజంలా కీళ్ళు, ఆ కీళ్ళకు అడ్డంగా రెండంగుళాల చతురస్రపు పైపు. కీళ్ళు అలా ఉండటం వల్ల పైపు పైకి లేచినా కిందికి దిగినా బ్లేడు వాలు మారదు. లోతు చూసుకోవడానికి పైపు మధ్యలో వెడల్పాటి తోపుడుబండి చక్రం పెట్టాం. సైకిలు చక్రం మా ఇసుకలో కూరుకుపోతుంది. నల్లరేగడి వాళ్ళకు ఏది నప్పుతుందో వాళ్ళే చూసుకోవాలి.

బ్లేడ్లు లారీ కమాన్ కట్టలోంచి కోయించి, కొలిమిలో కాల్చి, వి ఆకారంలో సాగదీయించాను. వెడల్పు ఏడంగుళాలు. సందు 12 కాబట్టి మొక్కకు అటూ ఇటూ రెండున్నర అంగుళాలు వదులుతుంది. ముందు రెండు బ్లేడ్లే ఉంటాయి, నాలుగు కాదు. టైరు నడిచే సందుల్లో కూడా ముందే కోస్తే, కోసిన గడ్డిని వెనకొచ్చే టైరు మళ్ళీ తడి ఇసుకలోకి తొక్కేస్తుంది, రెండు రోజుల్లో అది బతుకుతుంది. అందుకే టైరు సందులకు ఐదంగుళాల బ్లేడ్లు రెండు బండి వెనక, టైర్ల అడుగుజాడల్లోనే కట్టాం. కలుపు కోసినట్టూ ఉంటుంది, టైరు తొక్కిన నేల విప్పినట్టూ ఉంటుంది.

ఎత్తడానికి ముందు వేరే హైడ్రాలిక్ పెట్టలేదు. వెనక లిఫ్టు చేతుల నుంచి ఇనుప తాడు రెండు కప్పీల మీదుగా ముందుకు తెచ్చాం. వెనక బ్లేడ్లు లేస్తే ముందువి కూడా లేస్తాయి, లీవరు ఒకటే. తాడు పీటీఓ షాఫ్టుకు దగ్గరగా పోకూడదు, ఈ ఒక్కదాంట్లో అజాగ్రత్త వద్దు.

సీట్లో కూర్చుంటే బానెట్టు అడ్డమొచ్చి ముందు బ్లేడ్లు నేరుగా కనబడవు. ఆలిస్ చామర్స్ వాళ్ళు ఇంజను వెనక్కి ఎందుకు నెట్టారో అక్కడ కూర్చున్నప్పుడే బాగా అర్థమైంది. మనం ఇంజను జరపలేం. అందుకని కుడివైపు వరుసకు సరిగ్గా పైన ఒక కడ్డీ వేలాడదీసి, కొసకు ఎర్ర రంగు వేశాం. కొంచెం కుడికి ఒరిగితే కడ్డీ, దాని కింద వరుసా కనిపిస్తాయి. ఆ ఎర్ర కొస వరుస మీద ఉంటే మిగతావన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నట్టు. లో గేరులో, మనిషి నడిచే వేగం. ముందు భాగం స్టీరింగుకు చాలా తొందరగా కదులుతుంది కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉంచాలి. చేను చివర తిరగడానికి పన్నెండు అడుగులు వదులుకోండి.

కట్టే ముందు వెల్డింగ్ షాపు తమ్ముడు ఒక సలహా చెప్పాడు. "అన్నా, ముందర 200 లీటర్ల డ్రమ్ము కూడా పెట్టేద్దాం, జీవామృతం వరసెంబడే పోతాది." వినడానికి బాగుంది, నేను ఒప్పుకోలేదు. రెండు ఇరుసుల మధ్య ఐదడుగులు అనుకుందాం. ముందు ఇరుసుకు రెండడుగుల అవతల 200 కిలోలు వేలాడితే ముందు ఇరుసు మీద పడేది 280 కిలోలు, వెనక ఇరుసు మీద 80 కిలోలు తగ్గుతుంది. ముందు టైర్లు ఇసుకలో దిగుతాయి, వెనకవి పట్టు తప్పుతాయి, స్టీరింగు కీళ్ళు అరిగిపోతాయి. జీవామృతం నీటి కాలువలో పారించుకుంటే పోతుంది, దానికి బండి అక్కర్లేదు. గుంటక బరువు మాత్రం, బరువు దిమ్మలు తీసేశాం కాబట్టి, దాదాపు వాటికి సరిపోయింది.

విత్తిన 18వ రోజున మొదటిసారి, 32వ రోజున రెండోసారి దింపాను. వీడియోలో ఉన్నది రెండోసారి తోలింది. ఇంతకుముందు ఎకరాకు ఎనిమిది మంది రెండు రోజులు తీసేవాళ్ళు. ఇప్పుడు నలుగురు ఒక రోజు. కూలి మిగిలిందని సంబరంగా రాయడం నాకు ఇష్టం లేదు, ఆ నాలుగు చేతులూ మా ఊరివే. మా చేలో చాలాకాలంగా కలుపు తీస్తున్న పెద్దామె బండిని చూసి నవ్వింది. "వరస మధ్యది బండి తీస్తాది గానీ, చెట్టు మొదుట్లోది ఎవురు తీస్తారబ్బయ్యా?" నిజమే. మొక్కల మధ్య గడ్డిని ఈ బండి తాకలేదు. తుంగ గడ్డలు కూడా పోవు, తల తెగి మళ్ళీ లేస్తాయి. ఆ పని వాళ్ళదే, కాకపోతే ఇప్పుడు వంగి పీకాల్సింది వరుస పొడవునా సన్నటి పట్టీ మాత్రమే. చెరువుల దగ్గర పని లేని ఒక్క రోజు దొరికినా సరిపోతుంది. కాయ కోతకు ఎనిమిది మందినీ పిలుస్తానని మాట ఇచ్చాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చడం, చాసిస్ కోయడం, ఇరుసు మార్చడం జోలికి పోవద్దు. పనిముట్టు బోల్టులతో బిగించి, పని అయ్యాక విప్పేసేలా ఉండాలి. నేను రోడ్డెక్కే ముందు ముందు భాగం విప్పేస్తాను. నాలుగు బోల్టులు, పది నిమిషాలు.

మా ఉప్పుగాలికి ఇనుము ఒక్క వానాకాలంలోనే పొరలు లేస్తుంది. రెండు పూతలు రెడాక్సైడు, పైన ఎనామిల్, కీళ్ళలో ప్రతిసారీ గ్రీజు. బ్లేడ్లను విప్పి, కడిగి, పాత ఇంజనాయిలు పూసి పెట్టుకోవాలి. ఆ నూనె చేలో పడనీయవద్దు, దించే ముందు గుడ్డతో తుడిచెయ్యండి. వచ్చే కారులో ఇదే కొలతతో మినుము వేసి చూస్తాను. మినుము గుబురుగా అల్లుకుంటుంది కాబట్టి రెండోసారి తోలడానికి సందు దొరుకుతుందో లేదో 25 రోజులకు చేలో దిగి చూడాలి. ఆ వీడియో అప్పుడు పెడతాను. ఈలోపు మీ బండి టైరు మధ్య దూరం, టైరు వెడల్పు టేపుతో కొలిచి ఉంచుకోండి, నన్ను అడిగేటప్పుడు ఆ రెండంకెలూ చెబితే మిగతాది మాట్లాడుకుందాం.