మూతి ముడతలకు మందు ముందు పళ్ల దగ్గర

పై పెదవి మీద నిలువుగా సన్నని గీతలు, మూతి మూలల నుంచి గడ్డం వైపు జారే మడత, ఏటికేడు పలచబడుతున్న పెదవులు. నలభై దాటినవాళ్లు అద్దంలో మొదట గుర్తుపట్టే మార్పుల్లో ఇవి కొన్ని. బొటాక్స్, ఫిల్లర్, లేజర్ అనే మాటలు హైదరాబాద్ దాటి నిజామాబాద్ ఖలీల్‌వాడి ఆసుపత్రుల వీధుల దాకా వచ్చాయి. ఆ వైద్యాలు బూటకమని నేను అనను. తెలిసిన చేతుల్లో అవి పనిచేస్తాయి. కాకపోతే నిజామాబాద్ పట్టణంలో, బోధన్ చెరుకు పల్లెల్లో మూతి చుట్టూ వయసు ముదరడానికి పెద్ద కారణాలు మూడు: ఊడిన పళ్లు, తంబాకు, ఎండ. ఈ మూడింటినీ వదిలేసి సూదితో మొదలుపెడితే డబ్బు కరిగిపోతుంది, ముడత మళ్లీ వస్తుంది. అందుకే వైద్యం వరుస మారాలి.

నోటి చుట్టూ గుండ్రంగా ఒక కండరం ఉంటుంది. మాట్లాడినా, నమిలినా, ఈల వేసినా ముడుచుకునేది అదే. మిగతా చెంపలో చర్మానికి, కండరానికి మధ్య కొవ్వు మెత్తగా ఉంటుంది. పై పెదవి మీద ఆ కొవ్వు చాలా తక్కువ, చర్మం కండరానికి దాదాపు అంటుకునే ఉంటుంది. అందుకే అక్కడ గీత తొందరగా పడుతుంది, ఒకసారి పడ్డాక తేలిగ్గా పోదు. ఎర్రటి పెదవి చర్మం మరీ పలచన. దానికి చెమట గ్రంథులు లేవు, ఎండను ఆపే నల్ల రంగు కూడా తక్కువే. ఆడవాళ్లకు ఈ గీతలు ఎక్కువ లోతుగా ఎందుకు పడతాయో నెదర్లాండ్స్ పరిశోధకులు 2009లో వెతికారు. పై పెదవి చర్మంలో మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు నూనె గ్రంథులు, చెమట గ్రంథులు, రక్తనాళాలు తక్కువగా ఉన్నాయని తేల్చారు. నెలసరి ఆగిపోయాక చర్మం ఇంకా పలచబడుతుంది. ఇదంతా చర్మం కథ. కానీ చర్మాన్ని లోపలి నుంచి నిలబెట్టేవి పళ్లు, వాటిని పట్టుకున్న దవడ ఎముక.

పన్ను పీకించుకున్నాక ఆ చోట ఎముక ఊరికే ఉండదు, అరుగుతుంది. 2003లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనంలో, పన్ను తీసిన ఏడాదిలోపే ఆ చోట చిగురు గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గినట్టు తేలింది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోయింది. పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు పెట్టుకున్నవాళ్లను పాతికేళ్ల పాటు గమనించిన అధ్యయనం 1972లో అచ్చయింది. పై దవడ కంటే కింది దవడ సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరిగిందని అందులో ఉంది. ఆసరా పోయిన పెదవి లోపలికి కుంగుతుంది, గడ్డం ముక్కు వైపు లేస్తుంది, మూతి మూలలు కిందికి వాలి మడత పడతాయి. ఆ మడతలో ఉమ్ము నిలిచి, బూజు చేరి, మూలలు పగిలి మండుతాయి. ఇనుము, బి విటమిన్లు తక్కువైనా ఈ పగుళ్లు వస్తాయి. ముందు పళ్లు నాలుగు లేని పెదవిలో ఫిల్లర్ నింపితే ఏమవుతుంది? ఆనించే గోడ లేదు కాబట్టి బరువెక్కిన పెదవి ఇంకాస్త లోపలికే వాలుతుంది. అదే మనిషికి సరైన ఎత్తులో పళ్ల సెట్టు అమర్చితే, ఏ సూదీ లేకుండానే పెదవి ముందుకొస్తుంది, మూలల మడత కొంత విచ్చుకుంటుంది. పళ్లు కట్టించుకోవడం ఖరీదు కదా అంటారు. నిజమే. అయితే నిజామాబాద్ పక్కనే మల్లారంలో మేఘన దంత వైద్య కళాశాల ఉంది. బోధనాసుపత్రుల్లో ఈ పని మామూలుగా ప్రైవేటు క్లినిక్ కంటే తక్కువలో అవుతుంది. ఏడాది తిరక్కుండా కరిగిపోయే ఫిల్లర్‌కు పెట్టే డబ్బుతో పోలిస్తే, ఏళ్ల తరబడి నమలడానికి కూడా పనికొచ్చే పళ్లు ఖరీదైనవి కావు.

ఇక తంబాకు. నిజామాబాద్ జిల్లా అనగానే బీడీలు గుర్తొస్తాయి. ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కొలతగా కోసి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, చివర మడిచి దారం కట్టే ఆడవాళ్లు ఇక్కడ ఊరూరా కనిపిస్తారు. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ముడతలకు సాక్ష్యం ఉన్నది ప్రధానంగా పొగ తాగేవాళ్ల గురించి. బీడీలు చుట్టే చేతులన్నిటికీ దాన్ని అంటగట్టకూడదు. చుట్టేవాళ్లకు తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గు, ఆయాసం వేరే కష్టం. పొగ తాగేవాళ్ల ముఖం మీద ముడతలు ఎక్కువని కాలిఫోర్నియా వైద్యుడు హ్యారీ డేనియెల్ 1971లోనే లెక్కలతో చూపించాడు. పొగ చర్మంలోని రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను కొరికేసే ఎంజైములను పెంచుతుంది. బీడీతో ఇంకో చిక్కు ఉంది. సిగరెట్‌లా అది తనంతట తాను కాలదు. ఆరిపోకుండా మాటిమాటికీ పీల్చాలి, పీల్చిన ప్రతిసారీ మూతి ముడవాలి. చిగుళ్లకు రుద్దే తంబాకు పొడి, బుగ్గన పెట్టుకునే గుట్కా చిగుళ్లను పాడుచేసి పళ్లను వదులు చేస్తాయి. అంటే కథ మళ్లీ పళ్ల దగ్గరికే వస్తుంది. గుట్కాలోని వక్క వల్ల బుగ్గలు, పెదవులు లోపల బిగుసుకుపోయి నోరు తెరవడమే కష్టమయ్యే జబ్బు వస్తుంది. దాన్ని వయసు కింద కొట్టేయకూడదు.

ఎండ సంగతి బోధన్ పొలాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీళ్లతో ఇక్కడ చెరుకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నిలిచింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎంతోమంది రైతులు వరికి మళ్లారు. పంట మారినా ఎండ మారలేదు. తలకు చుట్టిన రుమాలు, కొంగు నుదుటికి నీడనిస్తాయి గానీ ముందుకు పొడుచుకొచ్చిన కింది పెదవి ఎండలోనే ఉంటుంది. మనది నల్ల చర్మం, మనకు సన్‌స్క్రీన్ ఎందుకు అనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది. చామనఛాయ చర్మానికి ముడతలు ఆలస్యంగా వస్తాయన్నది నిజమే. కానీ ఆ రక్షణ పెదవికి అంతగా అందదు. ఆస్ట్రేలియాలోని నాంబూర్ ఊళ్లో 1992 నుంచి 1996 వరకు 903 మంది మీద చేసిన పరీక్షలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం మిగతావాళ్ల కంటే 24 శాతం తక్కువగా ముదిరింది. వాళ్లు తెల్లవాళ్లు కాబట్టి ఆ అంకె యథాతథంగా మనకు వర్తించదు. ఎండ చర్మాన్ని ముదరబెడుతుందన్న మాట మాత్రం వర్తిస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ కొనలేనివాళ్లకు ముక్కు దాకా కట్టుకున్న నూలు గుడ్డ చాలు.

ఈ మూడూ సరిచేసుకున్నాక క్రీములకు, సూదులకు వద్దాం. రాత్రిపూట రాసే ట్రెటినోయిన్ సన్నని గీతలను కొంత తగ్గిస్తుందని 1980ల నుంచి రుజువులున్నాయి. నెలల తరబడి ఓపిక కావాలి, మొదట్లో చర్మం మండి పొట్టు లేస్తుంది, గర్భిణులు వాడకూడదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్లబరిచే క్రీముల సంగతి వేరు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లు నిగారింపు కనిపిస్తుంది, తర్వాత చర్మం పలచబడి నోటి చుట్టూ ఎర్రటి పొక్కులు లేస్తాయి. వాటి జోలికి అసలు పోవద్దు. బొటాక్స్ ప్రభావం మూడు నాలుగు నెలలు. మోతాదు కాస్త పెరిగినా నీళ్లు పుక్కిలించడం, పెదవులు బిగించడం కష్టమవుతుంది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే పెదవి కండ చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ అయితే దాన్ని కరిగించే మందు ఉంది. ఆ మందు పక్కన పెట్టుకోని చోట, బ్యూటీ పార్లర్లలో, ఈ సూది వేయించుకోకూడదు. లేజర్ మన రంగు చర్మం మీద నల్ల మచ్చలు మిగల్చగలదు. అలాంటి చర్మాలకు చేసిన అనుభవం ఎంతో డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు.

వయసు రాక మానుతుందా, ఈ ఆరాటం ఎందుకని పెద్దలు మందలిస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించను. మూతి వాలితే తిండి, మాట, నలుగురిలో నవ్వు కూడా దెబ్బతింటాయి. అందంగా కనిపించాలన్న కోరిక పట్నం ఉద్యోగికి ఉన్నట్టే చెరుకు కూలికీ ఉంటుంది, ఉండొచ్చు. పైగా వయసు కదా అని వదిలేయడం ఒక్కోసారి ప్రమాదం. కింది పెదవి ఎప్పుడూ గరుకుగా ఉండి, అంచు చెరిగిపోయి, తెల్ల పొర కట్టితే అది ఎండ వల్ల వచ్చే జబ్బు కావచ్చు, క్యాన్సర్‌గా మారగలదు. కాబట్టి ఫిల్లర్‌కు డబ్బు కట్టే ముందు ఒకసారి పళ్ల డాక్టరుకు నోరు తెరిచి చూపించండి. పెదవి మీదో నోట్లోనో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి ఆ వారంలోనే వెళ్లండి.