పరిశోధన మనకు దూరం కాదు

డిగ్రీ తరువాత ఏం చేస్తావని మన హాస్టల్లో ఎవరినడిగినా బి.ఎడ్., డి.ఎస్.సి., గ్రూప్స్, కానిస్టేబుల్ అంటారు. పరిశోధన అని చెప్పేవారు అరుదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పి.జి.లో చేరేదాకా రీసెర్చి అంటే తెల్లకోటు వేసుకుని గాజు సీసాలు ఊపడం అనుకునేవాణ్ణి. నిజానికి ఎవరూ సరిగా జవాబు చెప్పని ప్రశ్నను పట్టుకుని, ఆధారాలతో జవాబు వెతకడమే పరిశోధన. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రంగాల నుంచి ఉదాహరణలు చెబుతాను. మూడూ మనకు దగ్గరివే.

మొదటిది అత్యవసర వైద్యం. పురుగుల మందు మన పల్లెల్లో ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి వెళితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, శ్వాస కండరాలు పడిపోతాయి. అందుకే ఐ.సి.యు., వెంటిలేటర్ అవసరమవుతాయి. అట్రోపిన్‌తో పాటు 'పామ్' అనే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అది నిజంగా పనిచేస్తుందా? మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది రోగులపై చేసిన అధ్యయనం (2006) ఎక్కువ మోతాదులో ఆపకుండా ఎక్కిస్తే మేలని చెప్పింది. శ్రీలంకలో 235 మందిపై చేసిన అధ్యయనం (2009) మేలు కనిపించలేదని చెప్పింది. ఏ రకం విషం, ఎంత తీవ్రత, ఎంత త్వరగా ఆసుపత్రికి చేరారు అన్నవాటిని బట్టి ఫలితం మారవచ్చు. ఒక జవాబులోంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. ఈ ప్రశ్నకు మాత్రం ఒక ప్రాణం వేలాడుతూ ఉంటుంది.

రెండవది చట్టాల చరిత్ర. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అప్పుడు మన అనంతపురం అందులోనే ఉండేది. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, వేలిముద్రలు తీసుకుని, పోలీసులకు హాజరు చెప్పించుకున్నారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి పాత సర్కారు రికార్డులు చదివి, కొరవలు (మన ఎరుకలవారు) ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న వ్యాపారులని, రైళ్లు, ఉప్పు విధానాలు వారి బతుకుతెరువును దెబ్బతీశాయని చూపారు. ఒక జాతి మీది నిందను కాగితాలతోనే కడగవచ్చన్న మాట!

మూడవది వస్త్రాల ప్రదర్శన. మ్యూజియంలో పాత బట్టలను వెలుతురు, తేమ, పురుగుల నుంచి కాపాడి, వాటి కథ చెప్పేవారిని క్యూరేటర్లంటారు. 16వ శతాబ్దపు బట్టలు మనకు దాదాపు మిగల్లేదు. కానీ లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల్లో గళ్ల చీరలు, చారల చీరలు, పొడవాటి కుళ్లాయిలు ఇప్పటికీ ఉన్నాయి. అవే ఆధారాలు. ధర్మవరం నేతగాళ్లు ఆ డిజైన్లను చీరల మీదికి తెచ్చారు. ఈ రెండు ఊళ్లు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా మనకు పరాయివి కావు. మ్యూజియంలో చీర పక్కన ఊరి పేరు రాస్తారు, నేసినవారి పేరు తరచుగా ఉండదు. ఆ పేర్లు వెతకడం కూడా పరిశోధనే.

మరి దారి ఏది? వైద్యంలో ఎం.డి. చేసేవారు థీసిస్ రాయాలి. చరిత్ర, న్యాయశాస్త్రం, మ్యూజియాలజీ మూడూ యు.జి.సి. నెట్‌లో ఉన్నాయి. పి.జి.లో ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు 50 శాతం మార్కులు చాలు. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. "ఇంకా ఎన్నేళ్లు చదువుతావు నాయనా?" అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఇదొక జవాబు.

ఇంతకాలం మన గురించి ఇతరులు రాశారు. కొందరు న్యాయంగా రాశారు, కొందరు ముద్రలు వేశారు. కరువు, వలస, మందు డబ్బా, మగ్గం గురించి అడగవలసిన ప్రశ్నలు మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తమ్ముళ్లూ, ఈ రోజే ఒక నోటుబుక్కు తీసి మీ ఊరి గురించి ఒక ప్రశ్న రాయండి. జవాబు వెతకడం అక్కడి నుంచే మొదలవుతుంది.