వీధి మనది, మాట కూడా మనదే కావాలి

తూత్తుకుడి, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల మన తెలుగు కుటుంబాలలో పొలానికి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి, బడికి నడిచో సైకిలు మీదో వెళ్ళేవారు ఈనాటికీ ఎందరో ఉన్నారు. ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా సైకిలు ఇస్తోంది. సైకిలు చేతికి వచ్చింది. భయం లేకుండా తొక్కే దారి ఏది? పిల్లలు ఇల్లు చేరేదాకా గుమ్మంలో నిలబడే తల్లులలో నేనూ ఒకదాన్ని.

పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది పల్లె స్త్రీలకు చదువుతోపాటు సైకిలు తొక్కడమూ నేర్పింది. ఆ ధైర్యానికి తగిన వీధులు మనమింకా కట్టుకోవలసే ఉంది.

2014లో చెన్నై కార్పొరేషను నడిచేవారికీ, సైకిలువారికీ ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ఆమోదించింది. టి.నగర్ పాండీ బజారులో ముందుగా ప్రయోగంగా కార్లు ఆపి, వీధి ఎలా ఉంటుందో జనానికి చూపించారు. 2019 నవంబరులో విశాలమైన నడకదారి ప్రారంభమైంది.

ఇంజనీరుగారికి రోడ్డు కొలతలు తెలుసు. మురుగుకాలువ మీద పలక ఎక్కడ విరిగిందో, లారీలు ఏ వేళకు వస్తాయో వీధివారికే తెలుసు. అయితే బండ్లు నిలిపే చోటు పోతే బేరం పోతుందని కొట్టువారికి బెంగ. పూలమ్మే ఆమెకు ఉన్న చోటే పోతుందేమోనని భయం. వారిని పక్కనపెట్టి వేసిన ప్లాను నిలవదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కూడా పట్టణ కమిటీలో 40 శాతం స్థానాలు వారికే ఇచ్చింది.

మనమేం చేయవచ్చు? ఒక ఉదయం 8 నుంచి 9 దాకా పిల్లలతో కూర్చుని, మలుపు దగ్గర ఎందరు నడిచారో, ఎన్ని సైకిళ్ళు వెళ్ళాయో లెక్కపెట్టండి. వీధి పటం గీసి ప్రమాదపు చోట్లు గుర్తించండి. నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని జాతీయ ప్రమాణాలే చెబుతున్నాయి. బడి ముందు వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని అడగండి. ఆ వేగంలో బండి తగిలినా మనిషి బతికే అవకాశం ఎక్కువ.

తమిళనాడు పట్టణాలలో 2022 నుంచి ఏరియా సభలు జరుగుతున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడినా అర్జీ తమిళంలో రాసి, ఇరుగుపొరుగుల సంతకాలతో తీసుకువెళ్ళండి. అమ్మమ్మలనూ, పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్ళండి. వీధిలో ఎక్కువగా నడిచేది వారే కదా!