హార్డ్ డిస్కు ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడిగితే...

మన ఇళ్ళలో ఒకప్పుడు ముఖ్యమైన కాగితాలన్నీ ఒక ఇనుప ట్రంకు పెట్టెలో ఉండేవి. ఇంటి దస్తావేజులు, నికాహ్‌నామాలు, పిల్లల మార్కుల పట్టికలు, గల్ఫ్ నుండి వచ్చిన ఉత్తరాలు అన్నీ అందులోనే. ఆ పెట్టె మంచం కింద నుండి కదిలేది కాదు. ఇప్పుడు ఆ స్థానంలోకి అరచేతిలో ఇమిడే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు వచ్చింది. అయితే ఇది ఒక్కచోట ఉండదు. ఉదయం పెద్దబ్బాయి ల్యాప్‌టాప్‌కు, మధ్యాహ్నం అమ్మాయి కాలేజీ కంప్యూటర్‌కు, సాయంత్రం వీధి చివరి డీటీపీ సెంటర్‌కు తిరుగుతూ ఉంటుంది. చివరికి ఒక రోజు ఏదో ఒక తెర మీద, ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అన్న ప్రశ్న ప్రత్యక్షమవుతుంది.

దానికి ‘క్యాన్సిల్’ అన్నదే సమాధానం. కంగారులో ‘ఎస్’ నొక్కినవారే ఎక్కువ నష్టపోతున్నారని మా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే డిస్కు లోపలి అమరిక కొంచెం తెలియాలి. మదరసా కుతుబ్‌ఖానాను తలచుకోండి. గ్రంథాలు అల్మరాలలో ఉంటాయి. ఏ గ్రంథం ఏ అరలో ఉందో చెప్పే రిజిస్టరు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటుంది. డిస్కులో కూడా ఫైళ్ళు ఒకచోట, వాటి జాడ చెప్పే పట్టిక మరొకచోట ఉంటాయి. ‘డిస్కు చదవబడటం లేదు’ అన్న సందేశం వచ్చినప్పుడు చాలా సందర్భాలలో దెబ్బతిన్నది రిజిస్టరు మాత్రమే, గ్రంథాలు అరలలోనే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ అంటే పాత రిజిస్టరును తీసేసి కొత్త ఖాళీ రిజిస్టరు పెట్టడం. ఆ తరువాత కూడా కొంత ఆశ ఉంటుంది. కానీ విండోస్ విస్టా నుండి ‘ఫుల్ ఫార్మాట్’ అంటే డిస్కు అంతటా సున్నాలు రాయడమే. అప్పుడు అల్మరాలు కూడా ఖాళీ అయినట్లే.

ఇక పట్టిక ఎందుకు చెడుతుంది? మొదటి కారణం తొందరపాటు. కాపీ పూర్తయినట్లు తెర మీద పచ్చని గీత నిండినా, కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉండి డిస్కుకు చేరకపోవచ్చు. ఆ క్షణంలో వైరు లాగేస్తే పట్టికలో సగం మాటే మిగులుతుంది. 2018 చివరలో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుండి బయటి డిస్కులకు ఈ ఆలస్యాన్ని తగ్గించే ఏర్పాటును మామూలుగా అమలు చేస్తున్నారు. కానీ ఇంట్లో ఒక్కరి దగ్గర మ్యాక్ ఉన్నా, డీటీపీ సెంటర్‌లో పాత విండోస్ ఉన్నా ఆ భరోసా పనికిరాదు. కాబట్టి ఎక్కడైనా ‘ఎజెక్ట్’ చేసి తీయడమే మేలు.

రెండవ కారణం చాలామందికి తెలియదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినా వ్యవస్థ పూర్తిగా ఆగదు. తన లోపలి స్థితిని రాసుకుని ఒక రకమైన నిద్రలోకి జారుతుంది. అది నిద్రలో ఉండగా హార్డ్ డిస్కును తీసుకెళ్ళి వేరే కంప్యూటర్‌లో మార్పులు చేసి తిరిగి తెచ్చి తగిలిస్తే, మేల్కొన్న కంప్యూటర్ తన పాత జ్ఞాపకాన్నే నమ్మి రాసే ప్రమాదం ఉంది. ముందు డిస్కును ఎజెక్ట్ చేసి ఆ తరువాత షట్‌డౌన్ చేస్తే ఈ చిక్కు రాదు. షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా ఆగుతుంది.

డిస్కు ఏ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందన్నది కూడా ముఖ్యమే. విండోస్‌కు ఎన్‌టీఎఫ్ఎస్ గట్టిది. తాను చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా పట్టికను సరిచేసుకోగలదు. కానీ మ్యాక్ దానిని చదువుతుందే తప్ప స్వతహాగా అందులో రాయలేదు. రెండింటా పనిచేసేది 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్. దానిలో అటువంటి చిట్టా లేదు. అందుకే అన్ని కంప్యూటర్లకూ సరిపోయే డిస్కే వైరు లాగితే త్వరగా గాయపడే డిస్కు కూడా. పాత ఫ్యాట్32 సంగతి వేరు. అందులో ఒక ఫైలు 4 జీబీకి మించి పట్టదు. వలీమా వీడియో ఎక్కకపోతే డిస్కు పాడైందని అనుకోనక్కరలేదు.

ఇలా పాడు కాకుండానే పాడైనట్లు కనిపించేవి మన ఇళ్ళలో, మదరసాలలో చాలానే ఉన్నాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ప్రశ్నపత్రాన్ని ఇంటి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెర నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ‘ఫైలు కరప్ట్ అయింది’ అని తీర్మానించేస్తారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కంటే ముందు పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చినవి. ఫాంటు లేని యంత్రం ఆ స్థానాలలోని ఇంగ్లీషునే చూపిస్తుంది. పాత ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూ ఫైళ్ళదీ దాదాపు ఇదే కథ. అవి ఇన్‌పేజ్‌లో తప్ప మరెక్కడా సవ్యంగా తెరుచుకోవు. అలా కనిపించినప్పుడు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ‘సేవ్’ నొక్కడమే అసలు ప్రమాదం. అంతవరకు క్షేమంగా ఉన్న ఫైలు అప్పుడు నిజంగానే చెడుతుంది. మూసేసి, తయారైన చోటికే తీసుకెళ్ళి పీడీఎఫ్‌గా మార్పించుకోండి.

జిరాక్స్ సెంటర్ల నుండి అంటే షార్ట్‌కట్ వైరస్ కూడా ఇటువంటిదే. ఫోల్డర్లన్నీ మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్లు కనిపిస్తాయి. అసలు ఫైళ్ళను అది దాచిపెడుతుంది, చెరపదు. ఆ షార్ట్‌కట్ల మీద నొక్కకుండా యాంటీవైరస్‌తో శుభ్రం చేయించి, ఆ తరువాత దాగిన ఫైళ్ళను బయటికి తెప్పించుకోవచ్చు.

నిజంగానే పట్టిక చెడినప్పుడు ఏం జరుగుతుందో మాకు తెలిసిన ఒక కుటుంబంలో దగ్గరగా చూశాము. ఆ ఇంటి పెద్దాయన ఫజ్ర్ తరువాత చెప్పే దర్సులను పిల్లలు ఫోనులో రికార్డు చేసి డిస్కులో దాచేవారు. ఆయన మరణించాక ఆ గొంతు ఆ డిస్కులో తప్ప ఎక్కడా మిగలలేదు. పెద్దవాడి విండోస్, చిన్నవాడి మ్యాక్, ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్ మధ్య తిరిగి తిరిగి ఒక రోజు ఫార్మాట్ ప్రశ్న వేసింది. ఇంట్లో ఎవరూ దానికి ఒప్పుకోలేదు.

ముందు వైరు మార్చి చూశారు. ఇది చిన్న విషయం కాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు ఇవ్వాలి. అరిగిన వైరు, చౌక హబ్బుల వల్ల అది అందక డిస్కు తడబడుతుంది. వారి డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేయడం లేదు. చేసి ఉంటే వెంటనే ఆపి నిపుణులకే ఇవ్వాలి, ఎందుకంటే తిప్పిన కొద్దీ లోపల గీతలు పడవచ్చు. తరువాత డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్లుగా మరో పెద్ద డిస్కులోకి నకలు తీశారు. మరమ్మతు ప్రయత్నాలన్నీ ఆ నకలు మీదనే చేశారు. విండోస్‌లోని ‘చెక్‌డిస్క్’ను అసలు డిస్కు మీద ముందే నడపకూడదన్నది ఇందుకే. అది పట్టికను సవరించే క్రమంలో జాడ తెలియని ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డరులో పేరులేని ఫైళ్ళుగా పడేస్తుంది. డిస్కులో మార్పు చేశాక వెనక్కి వెళ్ళడం కష్టం.

‘టెస్ట్‌డిస్క్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత పట్టిక దొరకలేదు. దాని జంట ‘ఫొటోరెక్’ పట్టికతో పని లేకుండా, ఫైలు ఆరంభపు గుర్తులను బట్టి లోపలి సరుకును వెతుకుతుంది. రికార్డింగులు చాలావరకు బయటపడ్డాయి. కానీ పేర్లు, తేదీలు రాలేదు. ఒక్కొక్కటీ ఎఫ్ అక్షరం తరువాత అంకెలు మాత్రమే. ఆ ఇంటి పెద్దమ్మాయి వంట చేస్తూ వాటిని ఒక్కొక్కటిగా విని, ఏది ఏ రమజానులోదో నోటుపుస్తకంలో రాసుకుంది. కొన్ని సగంలో తెగిపోయాయి.

ఇంట్లో చేతకాకపోతే మన దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే కంప్యూటర్ బజారు ఉంది. అక్కడికి వెళ్ళేవారు ధర అడుగుతారు కానీ ఒక మాట అడగరు: తీసిన ఫైళ్ళ నకలు మీ దగ్గర ఎన్నాళ్ళు ఉంటుంది? డిస్కులో ఇంటి స్త్రీల ఫొటోలు, ఆధార్ ప్రతులు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. అది అమానత్. వీలైతే పని జరిగేటప్పుడు ఇంటివారు ఒకరు పక్కన కూర్చోవాలి. పని అయ్యాక వారి కంప్యూటర్‌లోని నకలును తమ ఎదుటనే తొలగించమని కోరాలి. మంచి దుకాణదారు దీనికి నొచ్చుకోడు.

తిరిగే డిస్కును వాహనంగానే వాడాలని మేము మా విద్యార్థులకు చెబుతాము. అందులో ఉన్నది మరొకచోట కూడా ఉండాలి. కాపీ చేయగానే పాతది చెరపకూడదు. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ వంటి సంస్థలలో అరబీ రాతప్రతులతో పనిచేసేవారికి ‘ముఖాబలా’ అంటే తెలుసు. నకలును మూలంతో మాట మాటా పోల్చడం. పూర్వపు లేఖకులు పోల్చిన మేరకు అంచున ‘బలగ’, అంటే ‘ఇంతవరకు చేరింది’, అని గుర్తు పెట్టేవారు. ఫైళ్ళకూ అటువంటిది ఉంది. విండోస్‌లోని ‘సర్ట్‌యుటిల్’ అనే ఆదేశం ఫైలులోని సమాచారమంతటినీ లెక్కకట్టి ఒక గుర్తు ఇస్తుంది. మూలానికీ నకలుకూ అది ఒకటే అయితే తేడా లేనట్లే. అంత శ్రమ వద్దనుకుంటే ఫోల్డరు ‘ప్రాపర్టీస్’లో ఫైళ్ళ సంఖ్య, మొత్తం పరిమాణం సరిచూసి, నాలుగైదు తెరిచి చూడండి.

రెండవ ప్రతిని అదే బీరువాలో పెట్టకండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇళ్ళకు ఇళ్ళే కొట్టుకుపోయాయి. కింది అంతస్తులో ఉన్నవారు మేనమామ గారి ఇంటి పై అంతస్తులో ఒక ప్రతి ఉంచుకోవచ్చు. డిస్కు మీద తేదీ రాసి, ప్రతి సంవత్సరం షాబాన్ నెలలో తెచ్చి తగిలించి తెరుచుకుంటుందో లేదో చూసి, కొత్తవి చేర్చి తిరిగి పంపాలి. మా మదరసా పరీక్షల ఫైళ్ళకు ఇదే ఏర్పాటు.