మిగిలిన బిళ్ళలను ఏం చేయాలి?

నెల్లూరు తీరంలో రొయ్యల గుంట పట్టుబడికి వస్తే, యూరప్‌కు పోయే సరుకుకు యాంటీబయాటిక్ పరీక్షలు చేస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాలు దొరికిందా, సరుకు ఆగిపోతుంది. అదే ఊళ్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళలు సింకులో పోసి నీళ్లు వదిలితే అడిగే నాథుడు లేడు. పరీక్షలన్నీ రొయ్యకే.

ముందు ఏది పారేయాలో తేల్చుకోవాలి. షీటు తీసి చూస్తే తేదీ ఉండదు. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చినప్పుడు తేదీ ఉన్న కొస మెడికల్ షాపులోనే ఉండిపోయింది. తేదీ కనబడి, 08/2026 అని ఉంటే ఆగస్టు ఆఖరి రోజు దాకా అని అర్థం. సెప్టెంబరు ఒకటిన బిళ్ళ విషమైపోదు, చాలా రకాల మందుల్లో బలం నెమ్మదిగా తగ్గుతుంది. అయితే ఆ తేదీ వేసింది చల్లగా, పొడిగా దాచిన మందుకు. మైపాడులో ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవడం లేదు, పొయ్యి పైన అరలో పెట్టిన బిళ్ళ ఎంతకాలం నిలుస్తుంది? ఇన్సులిన్, నీళ్లు కలిపిన పిల్లల యాంటీబయాటిక్ సిరప్, గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్, వీటి గడువు దగ్గర మొహమాటం పనికిరాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పటిలా వరద నీళ్లు ఇంట్లోకొచ్చి మందులు తడిస్తే, తేదీ ఎంత దూరంలో ఉన్నా పారేయాల్సిందే.

ఎక్కడ? కాలవలో వద్దు. మన తీరపు ఊళ్లలో ఇంటి మురుగు సెప్టిక్ ట్యాంకులోకో, నేరుగా కాలవలోకో పోతుంది. ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టేవి బ్యాక్టీరియాలే, యాంటీబయాటిక్ పోసేది వాటి నెత్తిన. మిగతాది ఇసుకలోకి ఇంకుతుంది, ఇసుక కింద నీళ్లు ఎంతో లోతున ఉండవు. పాతిపెట్టొద్దనేదీ ఇందుకే. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అది ఫ్యాక్టరీల పాపం లెండి. మన షీటుతో బంగాళాఖాతం పాడైపోదు. ఇళ్ల నుంచి నీళ్లలో కలిసే మందులోనూ ఎక్కువ భాగం మన మూత్రంతో పోయేదే. కాబట్టి నా లెక్కలో కాలవ కంటే పెద్ద ప్రమాదం మందుల డబ్బానే: పిల్లల చేతికందేది, పక్కింటివాళ్లకు ‘ఇది వేసుకో, నాకు తగ్గింది’ అని ఇచ్చేది.

కాలవ నియమానికి ఒక మినహాయింపు ఉంది. 2025 మేలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 17 మందులను టాయిలెట్‌లోనే వదిలేయమంది. ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, డయాజిపామ్ ఆ కోవలోవి. పొరపాటున ఇంకొకరు వేసుకుంటే ఒక్క మోతాదుకే ప్రాణం పోవచ్చు. క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో ఇది గుర్తుంచుకోవాలి.

మిగతావాటిని షీటులోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవర్లో మూట కట్టి, చెత్త బండికి విడిగా ఇవ్వండి. మందు చీటీ మీద మీ పేరు కొట్టేయండి. సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. తగలబెట్టకండి: షీటులో పీవీసీ ఉంటుంది, ఇన్హేలర్ పేలుతుంది.

బండివాళ్లు విడిగా తీసుకుంటారా అంటే, 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కాలం చెల్లిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చి, 20 చదరపు కిలోమీటర్లకొక సేకరణ కేంద్రం పెట్టమన్నాయి. కాగితం మీద దూరం ఎప్పుడూ తక్కువే. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్‌లో ఇళ్ల నుంచి మందులు సేకరించడం మొదలుపెట్టింది. మన మెడికల్ షాపులకూ దారి తెలుసు: అమ్ముడుపోక గడువు దాటిన సరుకు డిస్ట్రిబ్యూటర్ ద్వారా కంపెనీకి తిరిగి వెళ్తూనే ఉంటుంది. ఔషధ నియంత్రణ శాఖ, మందుల షాపుల సంఘం కలిసి ఇళ్ల మందులూ వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయమని కేంద్ర సంస్థ ఇచ్చిన ఆ 2025 మార్గదర్శకమే చెప్పింది. కౌంటర్ దగ్గర ఒక డబ్బా పెడితే చాలు.